సీరియల్ తెలుగు ఏ ఊరిది?

రాత్రి భోజనాల వేళ తెలుగు టీవీలో నడిచే సీరియళ్ల మీద మనకున్న ఫిర్యాదులు కొత్తవేం కావు. ఇంగ్లిష్ ఎక్కువైపోయింది, ఉత్తరాది పెళ్లిళ్లు వచ్చిపడ్డాయి, ఎక్కడి కథలో తెచ్చి మన మీద రుద్దుతున్నారు, మాటతీరు చెడిపోయింది అంటూ పత్రికల్లో ఉత్తరాల దగ్గర్నుంచి అరుగుల మీద కబుర్ల దాకా అందరూ అనేవే. ఈ ఫిర్యాదులన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది. ఒకప్పుడు కల్తీ లేని తెలుగు, కల్తీ లేని తెలుగు సంస్కృతి ఉండేవనీ, బయటి సరుకు వచ్చి వాటిని పాడుచేసిందనీ ఆ నమ్మకం. కాస్త వెనక్కి తిరిగి చూస్తే అది నిలవదు. మన కథ, మన నాటకం, మన సినిమా అరువు మీదే పెరిగాయి. అంతమాత్రాన సీరియళ్ల మీద అసంతృప్తికి కారణం లేదని కాదు. కారణం వేరే ఉంది. తెచ్చిన కథకు ఇక్కడ ఒక ఊరు చూపించి, ఆ ఊరి మాట నేర్పించే పని మానేశారు. ఆ పని మానేస్తే ఏం పోతుందో తెలియాలంటే కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల మాటను, టీవీలో వినపడే మాటను పక్కపక్కన పెట్టి చూడాలి.

కైకలూరు మండలంలోని కొల్లేటికోట 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. పటం మీద గీత మారినా మాట మారలేదు, ఎందుకంటే అక్కడి మాట ముందునుంచీ రెండు వైపులదీ. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లం. కృష్ణా వైపు 'ఎట్టా' అంటే గోదావరి వైపు 'ఎలాగ' అంటారు. 'వత్తాను', 'చూత్తాను' అనే పలుకుబడి పల్లెల్లో రెండు వైపులా వినబడుతుంది. తాడేపల్లిగూడెం వైపు వెళ్లేకొద్దీ ప్రతి వాక్యం చివరా 'అండి' చేరుతుంది, తిట్టులో కూడా ఆ మర్యాద తప్పదు. ఇక పని మాటలు చూడండి. చేపల చెరువు గట్టు మీద శీలావతి, బొచ్చె, కొర్రమీను ఎంత సహజంగా వినపడతాయో సీడు, కౌంటు, ఏరేటరు, లోడు కూడా అంతే సహజంగా వినపడతాయి. వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చింది 2009లో. ఇవాళ కైకలూరు, ఆకివీడు రైతుకు అది పరాయి పేరు కాదు. ఎన్నో కౌంటుకు వచ్చిందో, రేటెంత పలికిందో, పట్టుబడి ఎప్పుడో అతను చెప్పే వాక్యంలో సగం ఇంగ్లిష్ ఉంటుంది. అయినా ఆ వాక్యం నిక్కమైన తెలుగు. పరాయి మాట పనిలో దిగితే ఎలా మనదైపోతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఒక సగటు సీరియల్ సన్నివేశం చూద్దాం. పెద్ద హాలు, మధ్యలో మేడ మీదికి మెట్లు, సోఫాల వెనక నిలువెత్తు పూలకుండీలు. కోట్ల వ్యాపారం చేసే కుటుంబం. ఏం వ్యాపారమో తెలియదు, 'కంపెనీ' అంటారు, అంతే. కొడుకు సూటు వేసుకుని దిగుతూ 'డాడ్, ఈ డీల్ మనకి చాలా ఇంపార్టెంట్' అంటాడు. అత్తగారు పట్టుచీర, నిండా నగలతో పొద్దున్నే కాఫీకి కూర్చుంటుంది. కోడలు 'సారీ అత్తయ్య గారూ' అంటుంది, తోడికోడలు పక్కకు తిరిగి మనసులో శపథం చేస్తుంది, కెమెరా మూడుసార్లు ఒక్కో ముఖం మీదికి దూసుకొస్తుంది. ఈ ఇల్లు ఏలూరులో ఉందా, హైదరాబాద్‌లో ఉందా? ఈ వంటింట్లో ఏం వండుతారు? వీళ్లకు వచ్చే డబ్బు పొలం మీదా, చెరువుల మీదా, రియల్ ఎస్టేట్ మీదా? వెయ్యి ఎపిసోడ్లు చూసినా జవాబు దొరకదు. ఇక్కడి 'డీల్', చెరువు గట్టు మీది 'లోడు' రెండూ ఇంగ్లిష్ మాటలే. లోడు అంటే లారీ, ఐసు, హౌరా వెళ్లే చేప కళ్లకు కడతాయి. డీల్ అంటే ఏమీ కనపడదు. అది పనిని చెప్పదు, మనిషి హోదాను మాత్రం చెబుతుంది. ఇంగ్లిష్ ఎంతుంది అని లెక్కపెట్టడం వల్ల లాభం లేదు. ఆ మాట వెనక బతుకు ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆచారాల సంగతీ ఇంతే. బెంగాల్‌లోనూ ఉత్తరాదిలోనూ వరుడు వధువు పాపిట్లో సింధూరం పెట్టడం పెళ్లిలో ముఖ్యమైన ఘట్టం. మన పెళ్లిలో ఆ స్థానం జీలకర్ర బెల్లానిది, మంగళసూత్రానిది. కానీ తెలుగు సీరియల్లో నాయకుడి చెయ్యి తగిలి పొరపాటున నాయిక పాపిట్లో కుంకుమ పడిందంటే చాలు, గాలి వీస్తుంది, గంటలు మోగుతాయి, ఇద్దరూ దంపతులైపోయినట్టు వారం రోజులు కథ నడుస్తుంది. ఏలూరులో పురోహితుడెవరూ దాన్ని పెళ్లి అనరు. మూలకథలో దానికి అర్థం ఉంది. ఇక్కడికి వచ్చేసరికి అర్థం అక్కడే ఉండిపోయి అభినయం మాత్రం వచ్చింది. తాడేపల్లిగూడెం ఫంక్షన్ హాళ్లలో ఇవాళ నిజంగానే హల్దీ, సంగీత్ జరుగుతున్నాయి కదా, సీరియల్‌ను అనడం దేనికి అని ఎవరైనా అడగొచ్చు. జరుగుతున్నాయి, నిజమే. అయితే నిజమైన ఇంట్లో పసుపు దంచుతారు, పెళ్లికూతుర్ని చేస్తారు, మంగళస్నానాలు చేయిస్తారు, ఆ తర్వాత పసుపు బట్టలు కట్టుకుని ఫొటోగ్రాఫర్ ముందు హల్దీ చేసుకుంటారు. పాతదీ కొత్తదీ ఒకే ముంగిట్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. నాయనమ్మ సణుగుతుంది, మనవరాలు నవ్వుతుంది. నాటకం అంటే ఆ తోపులాటే. సీరియల్ ఆ తోపులాటను వదిలేసి అలంకారాన్ని తీసుకుంది.

ఇది ఎవరి కుట్రా కాదు, వ్యాపారం నడిచే తీరు. ఒకే సంస్థకు అనేక భాషల్లో ఛానెళ్లు ఉన్నప్పుడు ఒక భాషలో గెలిచిన కథను మిగతా భాషలకు పంచడం చౌక, పైగా భద్రం. స్టార్ మాలో 2017లో మొదలై 2023 దాకా నడిచిన 'కార్తీకదీపం' మలయాళ 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. మలయాళంలో నాయిక వేషం వేసిన ప్రేమీ విశ్వనాథే తెలుగులో దీప అయ్యారు. 2020లో వచ్చిన 'ఇంటింటి గృహలక్ష్మి'కి మూలం లీనా గంగోపాధ్యాయ రాసిన బెంగాలీ 'శ్రీమొయీ'. అదే కథ హిందీలో 'అనుపమా', తమిళంలో 'బాక్యలక్ష్మి', మరాఠీ, మలయాళం, కన్నడల్లో వేరే పేర్లతో నడిచింది. 'గుప్పెడంత మనసు', 'బ్రహ్మముడి' కూడా బెంగాల్ నుంచి వచ్చినవే. 'వదినమ్మ' తమిళ 'పాండియన్ స్టోర్స్', 'జానకి కలగనలేదు' హిందీ 'దియా ఔర్ బాతీ హమ్'. అంతకుముందు హిందీ సీరియళ్లను నేరుగా డబ్బింగ్ చేసి వేసిన రోజుల్లో తెలుగు టీవీ కళాకారులు రోడ్డెక్కారు. డబ్బింగ్ మీద కోపం వచ్చింది కాబట్టి రీమేక్ ఊపందుకుంది అనుకున్నా, నటుల పెదవులు తెలుగు పలుకుతున్నాయి తప్ప ఇల్లు మాత్రం మూలంలోదే.

అసలు ఈ రూపమే పరాయిది. రోజూ కొంచెం కొంచెంగా సాగే ఇంటి కథ 1930లలో అమెరికా రేడియోలో సబ్బుల కంపెనీల డబ్బుతో పెరిగింది. లాటిన్ అమెరికా దాన్ని తనదిగా మార్చుకుంది. మెక్సికోలో మిగెల్ సబిదో చదువు, కుటుంబ నియంత్రణ లాంటి విషయాలను కథలో కలిపి చూపించారు. ఆ ప్రయోగం స్ఫూర్తితోనే 1984లో దూరదర్శన్ 'హమ్ లోగ్' మొదలుపెట్టింది. అయితే మనోహర్ శ్యామ్ జోషి రాతలో ఆ మెక్సికో నమూనా ఉత్తరాది దిగువ మధ్యతరగతి ఇంట్లోకి వచ్చి కూర్చుంది. తాగుబోతు తండ్రి, ఉద్యోగం లేని కొడుకు, పెళ్లి కాని కూతుళ్లు ఆ వీధి మాటే మాట్లాడారు. నూట యాభైకి పైగా ఎపిసోడ్లు దేశం కళ్లప్పగించి చూసింది. అరువు తెచ్చుకోవడమే పాపమైతే మన టీవీ చరిత్ర మొదటి పేజీనే చించేయాలి.

తెలుగువాళ్లకు ఈ విద్య టీవీకి ముందే బాగా వచ్చు. 1953 నాటి 'దేవదాసు' సినిమాకు మూలం శరత్ బాబు బెంగాలీ నవల. 1955 నాటి 'మిస్సమ్మ'కు ఆధారం 'మాన్‌మొయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ నాటకం. చక్రపాణి ఆ కథను తెచ్చి అప్పాపురం అనే ఊళ్లో పెట్టారు. ఆ ఊరి జమీందారు వేషం వేసిన ఎస్.వి. రంగారావు పుట్టింది నూజివీడులో, అంటే ఇవాళ్టి ఏలూరు జిల్లాలో. దేవయ్యగా నవ్వించిన రేలంగి తాడేపల్లిగూడెం మనిషి, అక్కడ సొంత సినిమా హాలు కట్టుకున్నవాడు. ఈ మనుషుల నోటి గుండా వచ్చాక ఆ కథలో బెంగాల్ వెతికినా దొరకదు. యాసా, కొంటెమాటా ఎలా పుడతాయో కూడా ఆ సినిమాలే చూపించాయి. పింగళి నాగేంద్రరావు 'పాతాళభైరవి'లో వాడిన 'గురూ', 'డింగరి', 'మిస్సమ్మ'లో డబ్బుకు వాడిన 'తైలం' తెర మీద నుంచి వీధిలోకి వచ్చి తరాల పాటు నిలిచాయి. అంతకన్నా వెనక్కి వెళితే, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశం నోట్లోంచి వచ్చినంత ఇంగ్లిష్ ఏ సీరియల్లోనూ రాదు. గురజాడ ఆ ఇంగ్లిష్‌తో గిరీశం డాబునూ బోలుతనాన్నీ బయటపెట్టాడు. అతని చుట్టూ ఉన్న బుచ్చమ్మ, మధురవాణి, రామప్పపంతులు ఎవరి తెలుగు వాళ్లు మాట్లాడతారు. కాబట్టి ఆ ఇంగ్లిష్ ఎక్కడిదో, ఎందుకో ప్రేక్షకుడికి తెలుస్తుంది. సీరియల్లో అందరూ ఒకే తెలుగు, ఒకే ఇంగ్లిష్ మాట్లాడతారు. అందుకే ఎవరి గుణమూ మాటలో పట్టుబడదు.

అందరూ అన్నానుగానీ, ఒక మినహాయింపు ఉంది. అది మరీ ఆలోచించాల్సిన మినహాయింపు. యాస ఉన్న పాత్రలు సీరియళ్లలో లేకపోలేదు. వంటమనిషి, డ్రైవర్, వాచ్‌మన్, కూరగాయలమ్మి, రౌడీ, కడుపుబ్బ నవ్వించే మేనమామ యాసలో మాట్లాడతారు. చాలాకాలం తెలంగాణ మాటకు, ఉత్తరాంధ్ర మాటకు దక్కిన చోటు అదే. గోదావరి మాటకు 'ఆయ్' అని సాగదీసే వెటకారం ఇచ్చారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఈ విషయంలో కొంత మార్పు వచ్చింది, తెలంగాణ మాట మాట్లాడే నాయికలు కనపడుతున్నారు. దాన్ని ఒప్పుకోవాలి. కానీ ప్రేమించే మాట, ఏడ్చే మాట, ఆస్తి పంచుకునే మాట ఇంకా ఎక్కువగా ఆ ఊరూ పేరూ లేని మధ్యస్థ తెలుగే. 'వత్తానండి' అనే మనిషి తెర మీద ఎప్పుడూ టీ పట్టుకొచ్చేవాడే అయితే, ఇంట్లో 'వత్తానండి' అనే తండ్రిని చూసి పిల్లవాడు ఏమనుకోవాలి? తన ఇంటి మాట నవ్వుకు పనికొస్తుంది, బతుక్కి పనికిరాదు అనే పాఠం రోజుకు అరగంట చొప్పున అందుతుంది. ఇంగ్లిష్ మాటలు పది కలవడం కన్నా ఇది పెద్ద నష్టం.

దీనికి ఛానెళ్ల వైపు నుంచి వచ్చే మొదటి జవాబు, రెండు రాష్ట్రాలకూ ఒకే మాట కావాలి అని. అది ఉత్త సాకు కాదు. 2015 నుంచి బార్క్ సంస్థ ఇస్తున్న రేటింగుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్. ప్రకటన ఇచ్చే కంపెనీ కైకలూరునూ కరీంనగర్‌నూ కలిపే కొంటుంది. ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా అర్థం కావాలి కాబట్టి ఎవరి మాటా కాని మాట వాడతాం అంటారు. కానీ అర్థం కావడానికి యాస అడ్డమని ఎవరు చెప్పారు? 2018లో 'రంగస్థలం' గోదావరి పల్లె మాటతో వచ్చింది. 2023లో 'బలగం' తెలంగాణ పల్లె మాటతో, అక్కడి చావు కర్మల ఆచారాలే కథగా వచ్చింది. పిట్టకు ముద్ద పెట్టే ఆ ఆచారం చుట్టూ నడిచిన కథకు ఆంధ్రలోనూ జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. తెలియని యాస కథను మూసేయదు, ఆ ఇంటి తలుపు తెరుస్తుంది. అందరికీ అర్థమయ్యే మాట వేరు, ఎవరిదీ కాని మాట వేరు. మొదటిది కావాలంటూ రెండోదాన్ని అమ్ముతున్నారు.

రెండో జవాబు, జనం చూస్తున్నారు కాబట్టి చూపిస్తున్నాం అని. చూస్తున్నారు, సందేహం లేదు. పగలంతా చెరువు దగ్గరో, రొయ్యల షెడ్డులో తలలు ఒలిచో ఇంటికొచ్చిన మనిషి కాసేపు పెద్ద మేడనూ పట్టుచీరలనూ చూడాలనుకోవడంలో తప్పులేదు. ఆ సరదాను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే రేటింగు చెప్పేది వడ్డించినవాటిలో దేన్ని ఎక్కువమంది తిన్నారో, అంతవరకే. వడ్డించనిదాని గురించి అది ఏమీ చెప్పదు. జెమినీలో 2001లో మొదలైన 'అమృతం' ఇరుగుపొరుగు తెలుగుతోనే ఏళ్ల తరబడి నడిచింది, ఇప్పటికీ జనం వెతుక్కుని చూస్తున్నారు. మంజులానాయుడు 'చక్రవాకం', 'మొగలిరేకులు' ఎక్కడి నుంచో తెచ్చిన రీమేకులు కావు, అయినా రాత్రిపూట వీధుల్ని ఖాళీ చేయించాయి. చోటిచ్చినప్పుడు మన సరుకు ఓడిపోయిందని చెప్పే చరిత్ర లేదు.

మూడో జవాబు అన్నిటికన్నా గట్టిది. వారానికి ఐదారు ఎపిసోడ్లు, ఒక్కోదానికి ఇరవై నిమిషాల పైచిలుకు సరుకు, షూటింగ్ హైదరాబాద్‌లో, ముఖ్య నటుల్లో చాలామంది కన్నడ, మలయాళ, తమిళ దేశాలవాళ్లు, గొంతు వేరొకరిది. మాటల రచయిత రాసిన కాగితం ఆరకముందే సెట్‌కు వెళుతుంది. ఇలాంటి పరుగులో కొల్లేటికోట వెళ్లి మాట వినే తీరిక ఎవరికుంటుంది? ఈ కష్టం నిజమే. కానీ ఊరును తెర మీదికి తేవడానికి ఎపిసోడ్‌కో ప్రయాణం అవసరం లేదు. మొదట్లో ఒక నిర్ణయం చాలు. ఈ కుటుంబం ఫలానా ఊరిది, వీళ్ల జీవనం ఫలానా పని, వీళ్ల అమ్మవారు ఫలానా అని తేల్చుకుని, ఆ ప్రాంతం నుంచి వచ్చిన మాటల రచయితను ఒకరిని పెట్టుకుంటే మిగతాదంతా ఆ నిర్ణయం నుంచే వస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల నాటక పోటీలకు రాసేవాళ్లు, ఆడేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కొరత మనుషులది కాదు, పిలుపుది.

'శ్రీమొయీ' కథనే తీసుకుందాం. ఏళ్ల తరబడి ఇంటికి ఊడిగం చేసిన ఇల్లాలిని భర్త ఆఫీసులో ఇంకొకామె కోసం కాదంటాడు, ఆమె తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. బెంగాల్ నుంచి వచ్చిన ఈ ఆలోచన తెలుగిళ్లకు మేలే చేసింది. అలాంటి ప్రభావాన్ని వద్దనడం బుద్ధితక్కువ. కానీ 'ఇంటింటి గృహలక్ష్మి' నాయిక తులసి కైకలూరు ఇల్లాలైతే ఏం చేసేది? ముందు డ్వాక్రా గ్రూపు దగ్గరికి వెళ్లేది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఎవరి పేరున ఉందో, అందులో చెరువు తవ్వి లీజుకిచ్చిన డబ్బు ఎవరు తీసుకుంటున్నారో అడిగేది. సంతకం పెట్టమని మరిది తెచ్చిన కాగితం తిప్పి చదివేది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఒక్కతే వెళ్లి చీర పెట్టుకుని వచ్చేది, ఊరంతా ఆ సంగతి మాట్లాడుకునేది. కథ అదే, పోరాటం అదే, కానీ ఇప్పుడు ప్రతి అడుగుకూ ఒక చోటుంది, ప్రతి మాటకూ ఒక బరువుంది.

ఆ నేల మీద కథలకు కరువు లేదు. 1999లో కొల్లేరును అయిదో కాంటూరు దాకా వన్యప్రాణుల అభయారణ్యం చేశారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఒక ఇంట్లో అన్నకు చెరువు పోతుంది, తమ్ముడికి కూలి పోతుంది, పక్షుల్ని కాపాడాలనే కూతురు ఇద్దరికీ ఎదురు నిలుస్తుంది. విలన్ అక్కర్లేకుండానే వెయ్యి ఎపిసోడ్లు నడిచే తగాదా ఇది. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల ఆ సరస్సు ఒడ్డున బతుకు ఎలా మారిందో చెప్పింది. ఆ నవల 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్' పేరుతో ఇంగ్లిష్‌లోకి కూడా వెళ్లింది. మన పుస్తకం ఇంగ్లిష్ పాఠకుడి దాకా చేరింది. మన ఇంటి టీవీ దాకా చేరడానికి ఏం అడ్డమో ఛానెళ్లు చెప్పాలి.

అందుకని ఇంగ్లిష్ మాటలు తీసేయండి, రీమేకులు ఆపేయండి అనే కోరిక వల్ల ఉపయోగం లేదు. అది జరగదు, జరిగినా మేలు లేదు. అడగాల్సింది మూడే. కథ ఎక్కడి నుంచైనా తెచ్చుకోండి, దానికి తెలుగు నేల మీద పేరున్న ఒక ఊరు ఇవ్వండి. యాసను వంటింట్లో, గుమ్మం దగ్గర ఆపకుండా నాయకుడికీ నాయికకూ ఇవ్వండి. కనీసం ఒక్క మాటల రచయితను ఆ జిల్లా నుంచి పిలవండి. ప్రేక్షకులు చేయగలిగింది కూడా ఒకటి ఉంది. మన యాసలో మంచి కథ వచ్చిన రోజున దాన్ని వదలకుండా చూడటం. చక్రపాణి, పింగళి, రేలంగి ఈ పని ఏడు దశాబ్దాల కిందటే చేసి చూపించారు. రోజుకు అరగంట చొప్పున ఇంట్లోకి వచ్చే టీవీకి అది చేతకాదంటే నమ్మలేం.